ఎట్లున్నవంటే మంచిగున్న

మా ఇళ్లలో ఎవరైనా ఎట్లున్నవ్ అని అడిగితే మంచిగున్న అంటాం. అడిగినవాళ్ల మాట పూర్తి కాకముందే ఆ జవాబు నోట్లోంచి వచ్చేస్తుంది. కాలు విరిగి మంచంలో ఉన్నా అదే మాట, పొయ్యి వెలగని రోజైనా అదే మాట. పెళ్లయి నాంపల్లికి వచ్చిన నాటి నుంచి ఎవరికైనా నేను వేరే జవాబు చెప్పినట్టు గుర్తు లేదు. కరోనా రెండోసారి ఊరి మీద పడ్డ ఎండాకాలంలో ఆ మాటే నా ప్రాణం మీదికి తెచ్చింది.

ఇప్పుడు ఊపిరి బాగానే అందుతోంది. మెట్లెక్కితే మాత్రం మధ్యలో ఒకసారి గోడ పట్టుకుని ఆగాలి. చేయి వణకడం తగ్గింది కాబట్టి రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే చదివేవాళ్లే సర్దుకోవాలి.

ఉగాది దాటాక

మేముండేది నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో, కింది పోర్షన్లో కిరాయికి. రెండు గదులు. ముందుది పడుకునేది, వెనకది వంటిల్లు. మెట్ల కింద ఉన్న లెట్రిన్ మాకూ పక్క పోర్షన్ వాళ్లకూ ఒక్కటే. నా కొడుకు రమేష్ ఆబిడ్స్‌లో ఒక బట్టల షాపులో సేల్స్‌మన్. కోడలు సుజాత ఇంట్లోనే మిషన్ పెట్టుకుని చీరలకు ఫాల్, పీకో చేస్తుంది. మనవరాలు లిఖిత అప్పుడు పదో తరగతి. పై అంతస్తులో ఓనరు వాళ్లుంటారు. ఆయనకు బేగం బజార్‌లో డ్రైఫ్రూట్స్ దుకాణం.

పండగ వెళ్లిన కొన్నాళ్లకే రమేష్ ఒళ్లు కాలుతూ షాపు నుంచి వచ్చాడు. వాడికి రెండు మూడు రోజుల్లో జ్వరం తగ్గింది, నీరసం మాత్రం పోలేదు. ఆ తర్వాత నాకు మొదలైంది. సరిగ్గా ఆ వారమే పైన ఓనరుకు కూడా దగ్గు, జ్వరం. ఒకే మెట్లు, ఒకే గేటు, ఒకే జబ్బు. అయితే ఆయన పరీక్షకు ఒక మనిషి ఒళ్లంతా తెల్ల బట్ట కప్పుకుని ఇంటికే వచ్చాడు. నేను బస్తీ దవాఖాన ముందు ఎండలో నిలబడ్డాను. మొదటి రోజు నా దాకా వచ్చేసరికి కిట్లు అయిపోయాయన్నారు. మర్నాడు తెల్లారకముందే పోయి చెప్పు వదిలి లైనులో చోటు పట్టుకున్నాను. నాలాగే వచ్చినవాళ్ల చెప్పులు అప్పటికే గేటు దాకా ఉన్నాయి.

ఉందని తేలాక సిస్టరమ్మ మందుల కవరు ఇచ్చి, చెప్పాల్సినవన్నీ గడగడా చెప్పింది. వేరే గదిలో ఉండాలట. అటాచ్డ్ బాత్రూం ఉన్న గదైతే మంచిదట. నా వెనక నిలబడ్డ ఆమె, మాస్కు లోపలి నుంచే, "మా బాత్రూముకు పది ఇండ్లు అటాచ్ ఉన్నయి సిస్టర్, ఎవరిని తీసెయ్యాలె?" అంది. లైనంతా నవ్వింది. సిస్టరమ్మ కూడా నవ్వి తర్వాతి వాళ్లను పిలిచింది.

నేను వంటింట్లో ఉండిపోయాను. పొయ్యి, నాలుగు గిన్నెలు ముందు గదిలోకి పోయాయి. పప్పు డబ్బాలు, చింతపండు కుండ, కడిగి బోర్లించిన పచ్చడి జాడీలు నాతోపాటు లోపలే. ఏ డబ్బాలో ఏది ఎంత ఉందో నాకు తెలుసు, అందుకే సుజాత ఏమడిగినా తలుపు ఓరగా తెరిచి నేనే బయట పెట్టేదాన్ని. ఆ కొద్దిపాటి పనికే ఆయాసం వచ్చేది. వచ్చినట్టు ఎవరికీ చెప్పలేదు.

రంజాన్ నెల

రోజూ పొద్దున కరోనా వాళ్ల లెక్కలు రాసే సర్కారు ఆఫీసు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసేది. ఇంట్లో ఉండి మందులు వాడేవాళ్లందరికీ అట్లా చేస్తారట. నా చిన్న ఫోన్ కాబట్టి గట్టిగా వినిపించేది. ఎట్లున్నరమ్మా, జ్వరముందా, ఆయాసముందా అని అడిగేది. మంచిగున్న బిడ్డా అనేదాన్ని. సరే అమ్మమ్మా అని పెట్టేసేది. ఆమె గొంతు రోజురోజుకీ బొంగురు పోతుంటే, ఎంతమందిని అడగాలో పాపం అనుకునేదాన్ని.

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. ఊరూ పేరూ తెలియని పిల్ల ఫోన్లో అడిగితే, ఇదీ నా బాధ అని పరిచి చూపించడం మాకు అలవాటు లేదు. ఇంకో సంగతి కూడా ఉంది. మా గల్లీలో దవాఖానకు పోయినవాళ్లు కొందరు ప్లాస్టిక్ చుట్టలో వచ్చారు, మొహం కూడా చూపించలేదు. బాగాలేదంటే బండి పంపి ఎత్తుకుపోతారని నా భయం. పోతే పిల్లల మీద ఎంత భారం పడుతుందోనని ఫికర్.

పైన సంగతి వేరు. మెట్ల సందులోంచి అన్నీ వినిపించేవి. ఓనరమ్మ పొద్దున ఒక డాక్టరుతో, సాయంత్రం ఒక డాక్టరుతో వీడియోలో మాట్లాడేది. రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదన్నారు డాక్టర్ గారూ, నిన్న పెరుగు తినబుద్ధి కాలేదన్నారు, ఇవాళ రెండుసార్లు తుమ్మారు. తుమ్ములు కూడా చెప్పాలా అని నేను లోపల ముక్కు చిట్లించుకునేదాన్ని. గాలి ఇచ్చే మిషన్ ఒకటి ముందే తెచ్చిపెట్టుకున్నారు. దాని చప్పుడు మా కప్పు మీద ఎప్పుడూ బుస్సుమంటూ ఉండేది. ఓనరమ్మ చెడ్డది కాదు. ఒకరోజు పైనుంచి బుట్ట దించి ఖర్జూరాలూ బాదములూ పంపింది. మాకున్నయమ్మా అని తిరిగి పంపించాను. అదీ మంచిగున్న లాంటి మాటే.

సుజాతకూ నాకూ అప్పుడు మాటలు తక్కువగా ఉన్నాయి. వేలికి పెట్టుకుని ఊపిరి చూసుకునే క్లిప్పు ఒకటి కొందామని ఆమె ముందే అన్నది. బట్టలారేసే క్లిప్పంత లేదు, దానికంత పిరమా, అన్ని పైసలెందుకు, వద్దన్నాను. ఆమె ఎదురు చెప్పలేదు. పళ్లెం తలుపు దగ్గర కాస్త గట్టిగా పెట్టడం మాత్రం మొదలుపెట్టింది. ఎట్లుంది అత్తమ్మా అని అడిగేది. మంచిగున్న అనేదాన్ని. తర్వాత కుట్టు మిషన్ చప్పుడు.

రంజాన్ చివరి రోజులు. లాక్‌డౌన్ మళ్లీ పెట్టారు. పొద్దున పది దాటితే అన్నీ మూతే. ఆ రోజు నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను, పడుకుంటే గాలి అందడం లేదు. సుజాత కుట్టు మిషన్ చప్పుడు ఆగింది. ఎప్పటిలా ఎట్లుంది అని అడుగుతుందనుకుని జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను. ఆమె ఇంకోటి అడిగింది.

"అత్తమ్మా, ఆవకాయ ముక్కలకు ఉప్పెంత పడ్తది?"

నాకు ఒళ్లు మండింది. మా ఇంట్లో ఆవకాయ నేనే పెడతాను. ఇన్నేళ్లలో ఇంకొకరి చేయి పడలేదు. నేనింకా బతికుండగానే ఈమెకు జాడీ మీద చేయి వెయ్యాలని ఉందా అనుకున్నాను. తెలియకపోతే పాడుచేస్తుందని, చెబుదామని నోరు తెరిచాను.

"ఐదు గ్లాసుల ముక్కకు..." అన్నాను. గాలి పీల్చుకున్నాను. "కారం..." మళ్లీ పీల్చుకున్నాను. "గ్లాసు..." అక్కడే ఆగిపోయాను. ఉప్పు దాకా రాలేకపోయాను.

తలుపు ధడాలున తెరుచుకుంది. లోపలికి రావద్దని చేయి ఊపాను. ఆమె వచ్చేసింది. నా గోళ్ల వంక చూసింది, అవి నీలంగా ఉన్నాయి.

"మామిడికాయలు ఏడికెళ్లి తెస్త అత్తమ్మా, బజార్లన్ని బంద్ ఉంటే?" అంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, గొంతు మాత్రం కోపంగా ఉంది. "నీ నోటికెళ్లి నాలుగు మాటలు వరసగ వస్తయా లేవా అని అడిగిన."

ఆబిడ్స్ మీదుగా

ఓనరు వాళ్ల మిషన్ అడుగుదామని సుజాత పైకి పరుగెత్తింది. తాళం వేసి ఉంది. ఆయనకు కాస్త ఆయాసం పెరగ్గానే, ఆ పొద్దున్నే వాళ్ల బామ్మర్ది ఎవరికో ఫోన్ చేసి పెద్ద ఆస్పత్రిలో గది మాట్లాడాడట. అందరూ కారులో వెళ్లిపోయారు. అప్పుడు గమనించాను, కప్పు మీద చప్పుడు లేదని.

అంబులెన్సు నంబరుకు రమేష్ చేస్తూనే ఉన్నాడు, కలవలేదు. పక్క పోర్షన్లో ఉండే ఖాజా ఆటో తీశాడు. నా కళ్ల ముందు పెరిగినవాడు. డ్రైవర్ సీటు వెనక ప్లాస్టిక్ కవరు కట్టుకుని, ఉపవాసంతో ఎండిన నోటితో, "పైసల్ గీసల్ తర్వాత అమ్మా, జర ఊపిరి పట్టుకోని కూసో," అన్నాడు. రమేష్ ఇంకా నీరసంగానే ఉన్నాడు, లిఖిత దగ్గర ఉండమని సుజాతే నాతో ఎక్కింది.

దారిలో ఒక ప్రైవేటు ఆస్పత్రి గేటు దగ్గర ఆపాం. వాచ్‌మన్ గేటు తియ్యకుండానే ఇన్సూరెన్స్ ఉందా అని అడిగాడు. లేదంటే బెడ్లు లేవన్నాడు. రెండో చోట మాట కూడా లేదు, చేయి అడ్డంగా ఊపారు. ఆబిడ్స్ రోడ్డు అట్లా ఖాళీగా నేనెప్పుడూ చూడలేదు. రమేష్ పనిచేసే షాపు షట్టరు మీద పావురాలు కూర్చున్నాయి. పోలీసులు ఆపారు. ప్లాస్టిక్ కవరు వెనక నన్ను చూసి, ఏమీ అడగకుండా బారికేడు జరిపారు. ఆ జరిపినతను తన చేతిలోని నీళ్ల సీసా మూతి తుడిచి సుజాతకు ఇచ్చాడు.

బెడ్ల సంగతి తెలుస్తుందేమోనని సుజాత, రోజూ ఫోన్ వచ్చే నంబరుకు చేసింది. ఆ బొంగురు గొంతు అమ్మాయే తీసింది. నా పేరు చెప్పగానే కాగితాలు తిప్పిన చప్పుడు వచ్చింది. తర్వాత, "అమ్మమ్మ రోజు మంచిగున్న అన్నది గదక్కా. మంచిగున్నోళ్లలోనే రాసిన," అంది.

సుజాత నా వంక చూసింది. నేను మొహం తిప్పుకోవాలనుకున్నాను, మెడ తిరగలేదు.

"మల్ల రాస్తున్న అక్కా," అంది ఆ పిల్ల. "బెడ్ దొరికితె నేనే చేస్త. గప్పటిదాక ఇంట్ల ఉండకుండ్రి, సర్కారు దవాఖానకే పొండ్రి."

దవాఖాన గేటు దగ్గర

గేటు లోపల షామియానా వేశారు. తాడు కట్టి, పేషెంట్లు ఇటు, ఇంటివాళ్లు అటు అన్నారు. బెంచీ మీద నన్ను కూర్చోబెట్టి సుజాతను తాడు అవతలికి పంపేశారు. ఎవరి ఊపిరి వాళ్లకే బరువుగా ఉంది, ఎవరూ మాట్లాడడం లేదు. అట్లా పక్కపక్కన కూర్చుని అందరూ నోళ్లు తెరుచుకుని ఉన్నారు.

నా పక్కన ఒక పెద్దామె ఉంది. ఆకుపచ్చ గాజులు, కాళ్లకు చెప్పులు లేవు. నా వయసే ఉంటుంది. ఆమె కోసం తాడు అవతల ఎవరూ నిలబడి లేరు. ఆమె కొంగు తీసి తన మొహం విసురుకుంటూ, మధ్యలో నా వైపు కూడా రెండు సార్లు విసిరింది. ఆ గాలి నా మొహానికి తగలడం ఇప్పటికీ తెలుస్తున్నట్టే ఉంటుంది.

డాక్టరు చిన్నవాడు. ఒళ్లంతా కప్పుకున్న బట్టలో చెమటకు తడిసిపోయి ఉన్నాడు. క్లిప్పు ఒక్కటే ఉంది. లోపల ఖాళీ అయిన బెడ్లు కూడా ఒకటో రెండో ఉంటాయి. అందుకని బెంచీ వెంబడి వస్తూ, మనిషిని చూసి, మాట విని, ఎవరికి ముందు క్లిప్పు పెట్టాలో చూస్తున్నాడు. మొదట పెద్దామెను అడిగాడు. "మంచిగనే ఉన్న సారూ," అంది. తర్వాత నా దగ్గరికి వచ్చాడు. ఎట్లుందమ్మా అన్నాడు.

"మంచిగున్న సార్."

నేనే అన్నాను. ఇంట్లోంచి అంత దూరం అందుకే వచ్చి, ఆ మాటే అన్నాను. డాక్టరు తలూపి ముందుకు పోయాడు. ఆయన్ని తిరిగి పిలుద్దామంటే గొంతులో గాలి లేదు. ఆయన వీపు చూస్తూ, అయిపోయింది, నన్ను నేనే పంపించేసుకున్నాను అనుకున్నాను.

సుజాత తాడు కింద నుంచి దూరి వచ్చింది. సెక్యూరిటీ ఆమె జబ్బ పట్టుకున్నాడు. అయినా డాక్టరు ముందు నిలబడింది.

"ఆమె మాట నమ్మకుండ్రి సార్. నేను కాపురానికొచ్చిన కాడికెళ్లి ఆమె అదే చెప్తది. ఆవకాయ ఎట్ల పెడ్తరో అడుగుండ్రి."

"ఏంది?" అన్నాడు డాక్టరు.

"ఒక్కసారి అడుగుండ్రి సార్. నీ కాల్మొక్త."

ఆయన ఒకసారి ఆమెను, ఒకసారి నన్ను చూశాడు. నా ముందు గొంతుకూర్చున్నాడు. ఆ కళ్లద్దాల వెనక కళ్లు ఎర్రగా ఉన్నాయి. "చెప్పమ్మా, ఆవకాయ ఎట్ల పెడ్తవ్?" అన్నాడు.

ముక్కలు అనబోయాను. ము అన్న దగ్గరే ఆగింది. సుజాత మొహం కనిపించింది. ఇంట్లో ఎన్నడూ నా ముందు గొంతెత్తని పిల్ల, ఇంతమందిలో నా కోసం ఒకరి కాళ్లు మొక్కుతానంటోంది. అప్పుడు వచ్చింది ఆ మాట. జన్మలో మొదటిసారి.

"బాగలేదు సార్," అన్నాను. "ఊపిరాడ్తలేదు."

క్లిప్పు పెట్టారు. ఆ అంకె చూసి ఆయన ఎవరినో గట్టిగా కేక వేశాడు. చక్రాల కుర్చీ వచ్చింది. నన్ను ఎక్కిస్తుంటే, పక్కన పెద్దామె తల గోడకు వాల్చి ఉంది. నేను సిస్టరమ్మ చేయి పట్టుకుని ఆమె వైపు చూపించాను. ఆమె మాట కూడా నమ్మకుండ్రి అని చెప్పాలని. సిస్టరమ్మ నాకు నీళ్లు కావాలనుకుంది. లోపల ఇస్తామమ్మా అని కుర్చీ నెట్టింది.

వార్డులో

మొహానికి మాస్కు పెట్టి బోర్లా పడుకోబెట్టారు. ఆ రోజుల్లో పగలేదో రాత్రేదో నాకు సరిగ్గా తెలియలేదు. ఎదురు మంచం రెండుసార్లు ఖాళీ అయింది, రెండుసార్లు నిండింది. అటు చూడద్దని వార్డులో పనిచేసే ఆయమ్మ నా మంచానికి అడ్డంగా నిలబడి నా జుట్టు దువ్వేది. చిక్కు తీస్తూ, ఇంత జుట్టు ఈ వయసులో, ఏ నూనె రాస్తవమ్మా అని అడిగేది. ఆమె నా జవాబు కోసం అడిగేది కాదు.

సాయంత్రాలు తన ఫోన్ నా చెవి దగ్గర పెట్టేది. అవతల సుజాత. ఎట్లుందని అడగదు. ఉప్పెంత అత్తమ్మా అంటుంది. మొదట్లో ముక్కల దగ్గరే ఆగిపోయేదాన్ని. రేపు చెప్పు అని పెట్టేసేది. తర్వాత కారం దాకా వచ్చాను. ఒక సాయంత్రం ఉప్పు దాటి, ఆవపిండి దాటి, నూనె దాకా చేరాను. దొడ్డుప్పు ఎండబెట్టి దంచాలె, సన్నుప్పు వెయ్యకు అని కూడా అన్నాను. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది. ఏడుస్తోందని తెలిసింది. నేను తెలియనట్టు నూనె కొలత మళ్లీ చెప్పాను.

ఆ పెద్దామె గురించి ఆయమ్మను అడిగాను. పేరేందమ్మా అంది. పేరు అడగలేదు. గాజుల రంగు చెప్పాను. ఇన్ని వార్డుల్లో గాజులు చూసి ఎట్ల పట్టాలమ్మా అంది. ఆమె అన్నది నిజమే. బాగయ్యాక నన్ను కుర్చీలో బయటికి తెస్తుంటే దారి పొడవునా చేతుల వంకే చూస్తూ వచ్చాను. కనిపించలేదు. బతికి ఉందో లేదో నాకు తెలియదు. ఆమెకు నాకంటే జబ్బు ఎక్కువో తక్కువో కూడా తెలియదు. ఆమె మాట నమ్మకుండ్రి అనే మనిషి నాకుంది, ఆమెకు లేదు. ఆ బెంచీ మీద మా ఇద్దరికీ తేడా అంతే.

మృగశిర దాటాక

ఏటా మృగశిర నాడు ఉబ్బసం మందు కోసం ఎక్కడెక్కడి నుంచో జనం మా నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌కు వచ్చేవాళ్లు. ఊపిరి కోసం ఈ ఊరికి వచ్చేవాళ్లు. ఆ ఏడాది మైదానం ఖాళీగా ఉంది. నేను గోడ పట్టుకుని లెట్రిన్ దాకా నడవడం నేర్చుకుంటున్నాను. ఓనరు అప్పటికే పైన డాబా మీద పొద్దున్నే చేతులూపుతూ నడుస్తున్నాడు. ఆయన బతికినందుకు నాకు సంతోషమే. ఓనరమ్మ మళ్లీ బుట్ట దించింది. ఈసారి తీసుకున్నాను.

ఆఫీసు అమ్మాయి మళ్లీ ఫోన్ చేసింది. ఎట్లున్నరు అమ్మమ్మా అనగానే మొదలుపెట్టాను. కాళ్లు గుంజుతున్నాయి, నోరు చేదుగా ఉంది, పొద్దున సరిగ్గా పోలేదు, నిద్రలో ఉలిక్కిపడుతున్నాను. ఓనరమ్మ చెప్పినట్టు తుమ్ములు కూడా చెప్పాను. ఆ పిల్ల చాలాసేపు విని, "అమ్మమ్మా, ఇంక వేరేటోళ్లకు కూడ చెయ్యాలె," అని నవ్వింది. నవ్వితే ఆమెకు దగ్గు వచ్చింది. నువ్వెట్లున్నవ్ బిడ్డా అన్నాను. మంచిగున్న అంది. ఉట్టిదే, నీ నోటితోని నాలుగు మాటలు వరసగ చెప్పు, పొద్దున ఏం తిన్నవో చెప్పు అన్నాను. చెప్పింది. ఆగకుండా చెప్పింది. అప్పుడు పెట్టనిచ్చాను.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మీ ఇంట్లో పెద్దవాళ్లను ఎట్లున్నవ్ అని అడగకండి. జవాబు ముందే తెలుసు. ఏదైనా పని ఎట్లా చేస్తారో అడగండి, కోపం వచ్చినా సరే పూర్తిగా చెప్పించండి. ఇప్పుడు బస్తీ దవాఖానకు బీపీ గోలీల కోసం పోతే, నా పక్కన ఏ ముసలామెనైనా సిస్టరమ్మ అడిగి, ఆమె మంచిగున్న అంటే, నేను ఊరుకోను. ఈమె మాట నమ్మకు సిస్టర్, ఒకసారి సరిగ్గా చూడు అంటాను. కొందరు నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోనీ.

మా ఇంట్లో ఆవకాయ ఇప్పటికీ నేనే పెడతాను. సుజాతకు కొలతలన్నీ ఎప్పుడో వచ్చేశాయి, నాకంటే బాగా వచ్చు. అయినా పొద్దున్నే టీ గిన్నె పొయ్యి మీద పెట్టి, నా వైపు చూడకుండా, ఉప్పెంత అత్తమ్మా అని అడుగుతుంది. నేను ముక్కల దగ్గర మొదలుపెట్టి నూనె దాకా ఒక్క బిగిన చెబుతాను. ఆమె తల వంచుకుని వింటుంది. ఉప్పు సంగతి ఆమె వినడం లేదని నాకు తెలుసు. నూనె అనే మాట పూర్తయ్యాకే గ్లాసులో టీ పోస్తుంది.